కారం అంటని చేతులు

మిరపకాయలు కోసిన చేతులు సాయంత్రానికి ఆ మనిషికే పనికిరాకుండా పోతాయి. ఆ చేతులతో కన్ను నలుపుకోవడానికి లేదు, ముక్కు తుడుచుకోవడానికి లేదు, చంకలో బిడ్డ ఉంటే బుగ్గ నిమరడానికి అసలే లేదు. నీళ్ళతో కడిగితే మంట తగ్గకపోగా ఇంకా రాజుకుంటుంది. ఒకరు మజ్జిగ పులుముకుంటారు, ఒకరు కొబ్బరినూనె రాసుకుంటారు, ఎవరికి తోచిన వైద్యం వాళ్ళు చేసుకుని ఆఖరికి చేతులు దుప్పటి బయట పెట్టుకుని పడుకుంటారు. తెల్లారేసరికి కాస్త చల్లారితే మళ్ళీ అదే చేలోకి దిగాలి. పల్నాటి కారం ఘాటు గురించి గొప్పలు చెప్పుకునేవాళ్ళకు లోటేం లేదు గానీ, వాళ్ళలో ఒక్క పూటైనా కోతకు పోయినవాళ్ళు ఎంతమందో చెప్పలేం.

అందుకే కారంపూడి దాటాక వచ్చే ఆ ఊళ్ళో, కోతల కాలం వచ్చిందంటే ఆదెమ్మ చేతులకు ఎక్కడలేని గిరాకీ.

ఆదెమ్మ కూడా ఒకప్పుడు కోసిన మనిషే. వయసు మీద పడి మోకాళ్ళు మొరాయించాయి, చూపు మందగించింది. పండుకాయతో పాటు పచ్చికాయ కూడా తెంపేస్తోందని ముఠా మేస్త్రి కృపమ్మ నలుగురిలో నాలుగు మాటలంది. అని, మళ్ళీ ఆ నోటితోనే, "పోనీ పిల్లల్ని చూసుకో పెద్దమ్మా, కూలి నేనిప్పిస్తాలే" అంది. కృపమ్మది అదో తరహా, ముందు తిట్టి తర్వాత అన్నం పెట్టే రకం. అప్పట్నించీ ఏటా చలికాలం ఆదెమ్మకు చేని గట్టు మీది వేపచెట్టు కిందే తెల్లారేది, అక్కడే పొద్దుగూకేది. కొమ్మలకు పాత చీరల ఉయ్యాలలు. వాటిలో పాలు మరవని పిల్లలు. తల్లులు చీర మీద మగవాళ్ళ పాత చొక్కాలు తొడుక్కుని, తలకు గుడ్డ చుట్టుకుని సాళ్ళలో వంగి ఉంటే, పిల్లల ఏడుపూ ఆకలీ తడిగుడ్డలూ అన్నీ ఆదెమ్మవే.

ఆ పనికి ఆమె కొన్ని కట్టుబాట్లు పెట్టుకుంది. కోతలు మొదలయ్యాక కారం ముట్టదు. ఇంట్లో కోడలు రోట్లో పచ్చడి నూరుతుంటే దూరంగా కూచుంటుంది. మధ్యాహ్నం పెరుగన్నమే, అందులో ఆవకాయ బద్ద కూడా ఉండదు. వేళ్ళకు కూర అంటితే ఆ వేళ్ళు పిల్లల పెదాలకు తగులుతాయని ఆమె భయం. సబ్బు కూడా ముట్టదు. సబ్బు వాసన తగిలిందంటే పిల్లలు పాలకు మొహం తిప్పేస్తారని ఆమె ఎన్నోసార్లు చూసింది. గుడ్డలు మార్చాక చేతికింత మట్టి రుద్దుకుని, కుండలోంచి నీళ్ళు వంచుకుని, కొంగుకు తుడుచుకుంటే అయిపోయింది. ఊరు మొత్తంలో తన చేతులంత శుభ్రమైన చేతులు లేవని ఆమె నమ్మకం. తల్లులందరూ కూడా అదే నమ్మారు కాబట్టి ఆమెను తప్పు పట్టడానికి ఎవరూ లేరు.

ఏ ఉయ్యాల్లో ఏడుపు మొదలైనా ఆదెమ్మ ముందు చేసే పని ఒకటే. చిటికెన వేలు పాలగిన్నెలో ముంచి బిడ్డ నోట్లో పెట్టడం. పాలు అయిపోయినా బిడ్డ ఆ వేలు చప్పరిస్తూ కళ్ళు మూస్తుంది. అందరికంటే గ్రేస్ కూతురు కెజియాకు ఆ వేలంటే పిచ్చి. ఇంకా ఏడాది నిండలేదు, రెండు చేతులతో ఆ వేలు గట్టిగా పట్టుకుని, ఎవరో లాక్కుపోతారన్నట్టు కళ్ళు పెద్దవి చేసి చూస్తూ చప్పరించేది. ఆ వేలు లేనిదే పగటి నిద్ర లేదు.

"ఇది నా కూతురు కాదు పెద్దమ్మా, నీ యేలి కూతురు" అనేది గ్రేస్, మధ్యాహ్నం పాలివ్వడానికి గట్టెక్కినప్పుడు.

"మరి నువ్వెందుకే మధ్యలో, నాకిచ్చెయ్యి" అనేది ఆదెమ్మ. అనడమే గానీ ఆ మాటకు ఆమె లోపల ఎంత పొంగిపోయేదో గ్రేస్‌కు తెలియదు. కూలీ పనిలో ముసలివాళ్ళను ఎవరూ మెచ్చుకోరు. నీ చేతిలో ఉంటేనే నా బిడ్డ నిద్రపోతుందని ఒకరు చెప్పడం ఆదెమ్మ జీవితంలో పెద్ద మెప్పు.

రెండో కోత మధ్యలో అపర్ణ కొడుకు హర్ష ఉయ్యాల్లోనే వాంతి చేసుకున్నాడు. పాలు విరిగినట్టున్నాయనుకుంది ఆదెమ్మ. కాసేపటికి మళ్ళీ చేసుకున్నాడు. ఆ తర్వాత నీళ్ళలాగా విరేచనం, పసుప్పచ్చగా, పుల్లటి కంపుతో. గుడ్డ తీసి కడిగింది, ఇంకో గుడ్డ వేసింది, అదీ తడిసింది. మోటారు దగ్గర్నించి కుండతో తెచ్చుకున్న నీళ్ళు సగం వాడికే అయిపోయాయి. చేతికి మట్టి రుద్దుకుని, మిగిలిన నీళ్ళు దాచుకుంటూ కొద్దిగా వంచుకుని కడుక్కుంది. పక్క ఉయ్యాల్లో కెజియా లేచి ఏడుస్తోంది. ఆదెమ్మ కొంగుకు చెయ్యి తుడుచుకుని, వేలు పాలలో ముంచి ఆ బిడ్డ నోట్లో పెట్టింది. బిడ్డ ఊరుకుంది.

అపర్ణ వచ్చి చూసి, "పళ్ళొస్తన్నయ్యేమోలే పెద్దమ్మా, మా అక్క పిల్లోడికీ ఇట్టానే అయింది" అంది. వాణ్ణి కొన్నాళ్ళు ఇంటి దగ్గర ఉంచుకుంది. కాస్త చిక్కాడు గానీ తేరుకున్నాడు. పళ్ళ విరేచనాలు పళ్ళతోనే పోయాయని అందరూ ఆ సంగతి మరిచిపోయారు.

ఆ వారమే, ఆదివారం చర్చిలో ప్రార్థన జరుగుతుండగా కెజియా గ్రేస్ భుజం మీద కక్కింది. ఒళ్ళు వెచ్చగా ఉంది. గ్రేస్ మొగుడు జయకర్ మిరప బస్తాల లారీ మీద గుంటూరు యార్డుకు పోయి ఉన్నాడు, అక్కడ లైను కదలక లారీలోనే పడుకుంటున్నాడు. ఫోన్లో అతను చెప్పగలిగింది జాగ్రత్త అన్న మాట ఒక్కటే. సోమవారం పొద్దున్నే కృపమ్మ గ్రేస్ గడప ముందు నిలబడి, మబ్బు పట్టింది, చినుకు పడితే కాయ మొత్తం మచ్చ తేలుతుంది, ఇయ్యాల మనుషులు తగ్గితే నా పరువు పోయిద్దని ఏకరువు పెట్టింది. గ్రేస్ బిడ్డను తెచ్చి ఆదెమ్మ చేతిలో పెట్టి సాళ్ళలోకి దిగింది.

ఆ రోజంతా ఆదెమ్మకు నడుం వాల్చే వీలు దొరకలేదు. కడగడం, తుడవడం, గుడ్డ మార్చడం, మళ్ళీ కడగడం. చుక్క పాలు పట్టినా బిడ్డ కక్కేస్తోంది. తాగిందంతా బయటికే వస్తుంటే పొయ్యడం ఎందుకు, కడుపుకు కాసేపు విశ్రాంతి ఇద్దామని పట్టడం మానేసింది. వేలు మాత్రం మానలేదు. వేలు ఉంటే బిడ్డ ఊరుకుంటుంది. బిడ్డ ఊరుకుంటే జబ్బు తగ్గుతున్నట్టే కనిపిస్తుంది.

పొద్దుగూకాక తన ఇంటి వాకిట్లో కూచున్న ఆదెమ్మకు రెండిళ్ళ అవతల గ్రేస్ ఇంట్లోంచి కెజియా కేక వినిపించింది. మామూలు ఏడుపు కాదు, కాలితే పెట్టే కేక. ఆదెమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచి వెళ్ళింది. గ్రేస్ బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కడుగుతోంది. పొద్దుట్నించీ విరేచనాలకు ఒరుసుకుపోయిన పిర్రలు, వాటి మీద మిరప కోసిన చెయ్యి. గ్రేస్ మజ్జిగ రాసుకుంది, నూనె రాసుకుంది, అయినా గోళ్ళలో కారం అలాగే ఉంది.

"చెయ్యి తియ్యవే" అంది ఆదెమ్మ. బిడ్డను లాక్కున్నట్టే తీసుకుని తనే కడిగింది.

గ్రేస్ రెండు చేతులూ గాల్లోకి ఎత్తి పట్టుకుని గోడకు ఆనుకుంది. ఏడుస్తోంది, కన్నీళ్ళు తుడుచుకోవడానికి కూడా ఆ చేతులు పనికిరావు. ఆదెమ్మే కొంగుతో ఆమె మొహం తుడిచింది.

మర్నాడు పొద్దున్న ఆదెమ్మ ఆముదం గిన్నె పట్టుకుని మళ్ళీ వచ్చింది. చలవ చేస్తుందని బిడ్డ మాడుకు రాయబోయింది. ఎప్పుడూ మెత్తగా, సమంగా తగిలే చోట వేలు లోపలికి దిగిపోయింది. నడినెత్తిన గుంట. ఆదెమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. బిడ్డ ఏడుస్తోంది గానీ కంట్లో తడి లేదు. కళ్ళు లోపలికి పోయాయి. నోరు ఎండి నాలుక పిడచకట్టింది.

"రాత్రి ఉచ్చ పోసిందా గ్రేసూ?"

గ్రేస్ గుర్తు చేసుకోవడానికి చూసింది. "నీళ్ళ విరోచనాల్లో తెలవలేదు పెద్దమ్మా. గుడ్డ రాత్రి కట్టింది కట్టినట్టే పొడిగా ఉంది. తగ్గిపోయిందేమో అనుకున్నా."

"తగ్గలేదే. లోపల నీళ్ళు లేవు. ఆటోని పిలువు."

కృపమ్మ ఆ పూట తిట్టలేదు. తనే ఆటో పిలిచి, గురజాల పెద్దాసుపత్రికి పొమ్మని, గ్రేస్ చేతిలో ఒక పాత దుప్పటి పెట్టింది. దారి పొడుగునా కళ్ళాల్లో ఆరబోసిన మిరప ఎర్రగా పరుచుకుని ఉంది, గాలికి ఆ ఘాటు ఆటోలోకి వస్తోంది. కెజియా దగ్గడానికి కూడా ఓపిక లేకుండా వాలిపోయి ఉంది. ఆదెమ్మ కొంగుతో బిడ్డ ముక్కుకు అడ్డం పెట్టి, దారంతా అలాగే పట్టుకుని కూచుంది.

ఆసుపత్రిలో పిల్లల వార్డు నిండిపోయి ఉంది. ఒక్కో మంచం మీద ఇద్దరేసి, అందరిదీ అదే కథ, అవే తడిగుడ్డలు, అదే పుల్లటి వాసన. నర్సు ముంతాజ్ కెజియా చేతి మీద నరం కోసం వెతికింది. దొరకలేదు. రెండో చెయ్యి చూసింది, కాలు చూసింది. సూది గుచ్చినా బిడ్డ గట్టిగా ఏడవలేదు. ఆఖరికి పాదం మీద నరం దొరికి సెలైన్ చుక్కలు పడటం మొదలయ్యాయి.

డాక్టర్ కుర్రవాడే. రాత్రంతా డ్యూటీలో ఉన్నట్టుంది, కళ్ళు ఎర్రబడి, ఆవులింతలు ఆపుకుంటూ మాట్లాడుతున్నాడు. బిడ్డ పొట్ట మీది చర్మం చిటికెతో పట్టి వదిలాడు. అది ముడత పడి నెమ్మదిగా గానీ సర్దుకోలేదు.

"ఆలస్యం చేశారమ్మా" అన్నాడు. కసురుకోవడానికి కూడా ఓపిక లేని గొంతు అది. "చంటిపిల్లప్పుడు నోట్లో టీకా చుక్కలు వేస్తారు, విరేచనాలు రాకుండా. వేయించారా?"

"ఒక్కసారి ఏశారండి. తర్వాత పత్తి తియ్యడానికి కృష్ణ ఏటి అవతలికి పోయాం" అంది గ్రేస్.

"పూర్తిగా వేయించి ఉంటే ఇంత ముదిరేది కాదు. దీన్ని రోటా అంటారు. ఈ చలికాలంలో చిన్నపిల్లలకు ఇదే. ఇంటి దగ్గర ఇంకెవరికన్నా వచ్చిందా?"

"మా చేలో హర్ష అని ఒక పిల్లోడికి వచ్చిందండి. వాడికి తగ్గింది."

"ఇద్దర్నీ చూసేది ఎవరు?"

గ్రేస్ ఆదెమ్మ వైపు చూసింది. ఆదెమ్మ ముందుకొచ్చి, అడిగినందుకు కాస్త గర్వంగానే చెప్పింది. "నేనేనయ్యా. ఈళ్ళ చేతులు కారంగా ఉంటయ్యని పిల్లల్ని నేనే కడుగుతా, నేనే పాలు పడతా. నేను కారం ముట్టను."

"కడిగాక చేతులు సబ్బుతో కడుక్కుంటావా?"

"సబ్బు వాసనకు పిల్లలు పాలు తాగరయ్యా. మట్టి రుద్ది నీళ్ళతో కడుగుతా."

డాక్టర్ ఆమె చేతుల వైపు చూశాడు. "చేతుల మీద నుంచే పోతుంది పెద్దమ్మా ఇది, ఒక బిడ్డ దగ్గర్నించి ఇంకో బిడ్డకు. కంటికి కనపడదు. చెయ్యి శుభ్రంగానే ఉన్నట్టుంటుంది. సబ్బుతో కడిగినా ఒక్కోసారి వస్తుంది, కడక్కపోతే తప్పకుండా వస్తుంది." ఎవర్నీ నిందించే ఉద్దేశం అతనికి లేదు. పక్క మంచం దగ్గర ఇంకో బిడ్డ కక్కితే అటు వెళ్ళిపోయాడు.

గ్రేస్ చూపు ఆదెమ్మ మొహం మీద లేదు, చేతుల మీద ఉంది. ఇద్దరికీ ఒకేసారి అదే గుర్తొచ్చింది, పాలలో ముంచిన చిటికెన వేలు. ఆదెమ్మ ఆ చెయ్యి కొంగులోకి తీసుకుని వార్డు బయటికి నడిచింది.

వరండాలో గోడవార కూలబడింది. చెయ్యి విప్పి వేలు చూసుకుంది. ముడతలు పడి, గోరు అరిగి, ఎప్పటిలాగానే ఉంది. ఏ మచ్చా లేదు, ఏ వాసనా లేదు. కారమైతే మండుతుంది కాబట్టి తెలుస్తుంది. మండనిది కూడా చంపుతుందని ఇన్నేళ్ళలో తనకు ఎవరూ చెప్పలేదు. చెప్పలేదని ఎవర్ని అడగాలో కూడా తెలియలేదు. ఆవకాయ మానుకుంది, పచ్చడి మానుకుంది, నోరు కట్టుకుని చప్పిడి తిండి తిన్నది ఈ చేతుల కోసమే. ఇన్నేళ్ళ నుంచీ ఎంతమంది పిల్లలకు పళ్ళ విరేచనాలని తామంతా సరిపెట్టుకున్నారో లెక్కపెట్టబోయి మధ్యలోనే ఆపేసింది. లేచి ఇంటికి పోదామనుకుంది. బిడ్డ ఎట్లా ఉందో తెలియకుండా కాళ్ళు కదల్లేదు.

మధ్యాహ్నం దాటుతుండగా గ్రేస్ ఫోన్ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. "అపర్ణక్క చేసింది. మన చేలో లహరి లేదూ, దానికీ పొద్దున వాంతులు మొదలైనయ్యంట" అంది ఎటో చూస్తూ.

లహరి మూడో ఉయ్యాల బిడ్డ. ఆదెమ్మ తల దించుకుంది. "తాగింది కక్కినా సరే, కొద్దికొద్దిగా పొయ్యడం ఆపొద్దని చెప్పు. నాలాగా ఆపొద్దని చెప్పు. సాయంత్రం దాకా చూడొద్దను, ఆసుపత్రికి తీసకపొమ్మను."

గ్రేస్ ఫోన్లో ఆ మాటలే చెప్పింది. చెప్పి లోపలికి పోయింది.

సెలైన్ సీసా అయిపోయేసరికి కెజియా కాస్త కళ్ళు తెరిచింది. ముంతాజ్ స్టీలు గ్లాసులో ఓఆర్ఎస్ నీళ్ళు కలిపి, ఒక చెంచా ఇచ్చి, గ్రేస్‌కు అప్పజెప్పింది. "ఇప్పట్నించీ నోటితోనే తాగాలి. ఒక్కసారిగా పొయ్యొద్దు, కక్కిద్ది. చెంచా పోసి కాసేపాగు, మళ్ళీ చెంచా. మధ్యలో నీ పాలివ్వు. సాయంత్రానికి ఉచ్చ పోస్తే గండం గడిచినట్టే. తాగకపోతే మళ్ళీ సూది పొడవాలి, ఆ కాల్లో నరం కూడా ఉబ్బిపోయింది. ఇంకెక్కడ దొరికిద్దో నాకే తెలవదు."

గ్రేస్ చెంచా ఎత్తింది. బిడ్డ ఆ చెయ్యి దగ్గరికి రాగానే మొహం తిప్పేసింది. ఇంకోసారి పట్టింది. పెదాలు బిగించింది. మూడోసారి గ్రేస్ బిడ్డ బుగ్గ పట్టుకుని పొయ్యబోతే చెంచా ఒలికి, నీళ్ళు గ్రేస్ వేళ్ళ మీదుగా బిడ్డ పెదాల మీదికి జారాయి. గోళ్ళ సందుల్లో మిగిలిన కారం చాలు, కెజియా గుక్కపట్టి ఏడ్చింది. ఆ తర్వాత ఆ చెయ్యి కనపడితే చాలు, ఒళ్ళంతా వంచేసి వెనక్కి పోతోంది. ఆ చెయ్యి వస్తే మంట వస్తుందని అంతటి చిన్నదానికీ అర్థమైపోయింది. పాలివ్వబోతే రొమ్ము కూడా పట్టలేదు.

పక్క మంచం ఆవిడ తన బిడ్డతోనే సతమతమవుతోంది. ముంతాజ్ ఇద్దరు పిల్లలకు మధ్య పరుగెడుతోంది. "నీతో ఇంకెవరూ లేరామ్మా?" అంది పోతూపోతూ.

గ్రేస్ బిడ్డను ఎత్తుకుని వరండాలోకి వచ్చింది. ఆదెమ్మ అదే గోడ దగ్గర, అదే తీరున కూచుని ఉంది.

"లోపలికి రా పెద్దమ్మా."

"నేను ముట్టుకోనే."

"తాగట్లేదు. నా చేత్తో చుక్క కూడా తాగట్లేదు."

"ఇంకెవర్నన్నా పిలువు. నా చేతులు మంచియి కావే గ్రేసూ. ఇన్నావుగా ఆయన చెప్పింది."

గ్రేస్ అక్కడే నేల మీద కూలబడింది. ఒళ్ళో బిడ్డ తల పక్కకు వాలిపోయి ఉంది. అరవలేదు. అరిచే ఓపిక ఇద్దరిలో ఎవరికీ లేదు.

"ఇన్నాను పెద్దమ్మా. నీ యేలితోనే వచ్చిందని నాకు తెలుసు. పొద్దుట్నించీ నీ మీద కోపంగానే ఉంది, ఇంకా పోలేదు. కానీ నీ చేత్తో తప్ప ఇది తాగదని కూడా తెలుసు. నా కోపం తర్వాత చూద్దాం. ఆడ పంపు దగ్గర సబ్బుంది. కడుక్కుని రా."

ఆదెమ్మ లేచింది. పంపు దగ్గర అరిగిపోయిన ఎర్ర సబ్బు బిళ్ళ ఉంది. మోచేతుల దాకా రుద్దింది. వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద, అరచేతి గీతల్లో రుద్దింది. చిటికెన వేలిని మిగతా వేళ్ళన్నిటికంటే ఎక్కువసేపు, తోలు ఊడుతుందేమో అన్నంతగా రుద్దింది. వెనక ఎవరో బిందెతో నిలబడి విసుక్కుంటే గానీ పంపు కట్టెయ్యలేదు. చేతులు కొంగుకు తుడుచుకోబోయి, ఆ కొంగు చూసుకుని, గాలికే ఆరబెట్టుకుంటూ లోపలికి వచ్చింది.

బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకుని చెంచా పెదాల దగ్గర పెట్టింది. కెజియా ముక్కు చిట్లించింది. సబ్బు వాసన. తను అనుకున్నట్టే మొహం తిప్పింది. చెంచా తియ్యకుండా అలాగే పట్టుకుని, ఉయ్యాల దగ్గర రోజూ తీసే కూనిరాగం తీసింది. బిడ్డ ఆ గొంతు వైపు తిరిగింది. పెదాలు కొద్దిగా విడ్డాయి. చెంచా నీళ్ళు లోపలికి పోయాయి.

కాసేపాగి ఇంకో చెంచా. మళ్ళీ ఆగి ఇంకోటి. ఒకసారి అంతా కక్కేసింది. గ్రేస్ కళ్ళు మూసుకుంది. ఆదెమ్మ లేచి వెళ్ళి మళ్ళీ సబ్బుతో కడుక్కుని వచ్చి, మొదటి చెంచా నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. ఆ మధ్యాహ్నమంతా అంతే. చెంచా, ఆగడం, చెంచా, ఆగడం. ఆమె వీపు నొప్పి పెట్టి, తర్వాత మొద్దుబారి, తర్వాత ఉందో లేదో తెలియకుండా పోయింది. గ్లాసులో నీళ్ళు అడుగంటాయి. మధ్యలో ఒకసారి బిడ్డను గ్రేస్ రొమ్ము దగ్గర పెట్టి, గ్రేస్ చేతులు తగలకుండా తనే తల పట్టుకుంది. బిడ్డ నాలుగు గుక్కలు తాగింది. ఇద్దరూ ఆ గుక్కల చప్పుడు వింటూ కూచున్నారు.

కిటికీలో ఎండ ఎర్రబడి గోడ మీదికి ఎక్కేసరికి ఆదెమ్మ ఒళ్ళో వెచ్చగా తగిలింది. మళ్ళీ విరేచనమేమోనని భయంగా గుడ్డ ఎత్తి చూసింది. కాదు. గుడ్డ తడిసి, ఆమె చీర తడిసి, మంచం అంచు నుంచి కింద కారుతోంది.

"ఉచ్చే గ్రేసూ" అంది.

గ్రేస్ వచ్చి చూసి, చేతులు మొహానికి పెట్టుకోబోయి, కారం గుర్తొచ్చి ఆగిపోయి, అలాగే నవ్వింది, అలాగే ఏడ్చింది. ముంతాజ్ వచ్చి తడిగుడ్డ చూసి తలాడించింది. ఆ పూట ఆమె మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది. "తాగిస్తానే ఉండండి. ఇంక సూది అక్కర్లేదులే" అని ఇంకో గ్లాసు కలిపిచ్చి పోయింది.

గుడ్డ మార్చి, సబ్బుతో చేతులు కడుక్కుని ఆదెమ్మ మళ్ళీ బిడ్డను ఒళ్ళో వేసుకుంది. కెజియా కళ్ళల్లో కొద్దిగా వెలుగొచ్చింది. నిద్ర వస్తున్నట్టుంది. రెండు చేతులూ పైకెత్తి గాల్లో వెతుక్కుంది. ఏం వెతుక్కుంటోందో ఆదెమ్మకు తెలుసు. ఆ చేతులు ఆమె మణికట్టు పట్టుకుని, వేళ్ళ మీదుగా పాకి, చిటికెన వేలి దగ్గర ఆగాయి. ఆదెమ్మ పిడికిలి బిగించింది.

బిడ్డ ఆ పిడికిలిని నోటి దగ్గరికి లాక్కుంది. చిన్న వేళ్ళతో ఆ వేలు విప్పాలని పీకింది. మొహం ఏడుపుకు తిరిగింది. ఇప్పుడు ఏడిస్తే కళ్ళ కొసల్లో నీళ్ళు ఊరాయి.

గ్రేస్ చూస్తూనే ఉంది. "సబ్బుతో కడిగావుగా పెద్దమ్మా, పెట్టు. ఏడుస్తంది" అంది మెల్లగా.

ఆదెమ్మ తల అడ్డంగా ఊపింది. రెండో చేత్తో చెంచా తీసుకుని నీళ్ళు ముంచి బిడ్డ పెదాల మధ్య పెట్టింది. "ఇంక ఇయ్యనే తల్లీ, ఇది తాగు" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చేతులు ఖాళీగా లేవు కాబట్టి తుడుచుకోలేదు.

కెజియా కాసేపు చెంచా అంచునే చప్పరించింది. బిగించిన పిడికిలిని మాత్రం వదల్లేదు, రెండు చేతులతో దాన్ని పట్టుకునే నిద్రపోయింది.